పెద్ద సిస్టర్ చెప్పిన ఆవులింతలు

పెద్ద సిస్టర్ పోయారని గ్రూపులో మెసేజ్ చూసేసరికి నేను నైట్ డ్యూటీ దిగి బస్సెక్కాను. ఇంటికి పోకుండా అట్నుంచి అటే వెళ్లాను. ఆవిడ మా ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద, రిటైరై చాలా కాలమైంది. షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి, చివరికి డయాలసిస్. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటలో మేమంతా ఒక వేపచెట్టు కింద చేరాం. అందరం ఏదో ఒక కాలంలో ఆవిడ చేతికింద పనిచేసినవాళ్లమే. ఏడుపులు మొదట్లోనే అయిపోయాయి, తర్వాత ఎవరికి పడ్డ తిట్లు వాళ్లు చెప్పుకున్నారు. డ్రెస్సింగ్ ట్రాలీ చక్రంలో దారప్పోగు కనిపించిందని ఒకామెతో ట్రాలీ అంతా విప్పించి తుడిపించారట. జ్వరం చూడకుండానే చార్టులో 98.6 అని వేసిన ఇంకొకామెకు థర్మామీటరు చేతికిచ్చి, వార్డులో ప్రతి మంచం దగ్గరికీ మళ్లీ తిప్పించారట. మా నవ్వులు విన్నవాళ్లెవరూ మేం చావుకి వచ్చామని అనుకుని ఉండరు.

నాకూ తిట్లు తక్కువేం పడలేదు. కానీ నాకు ఆవిడవి రెండు మాటలు మిగిలాయి. ఒకటి నేను చేరిన కొత్తలో అన్నది. రెండోది చాలా ఏళ్ల తర్వాత, ఆసుపత్రి వరండాలో అన్నది. ఒకదానికొకటి పొసగవు. నా ఉద్యోగం సగం ఆ రెండు మాటల మధ్యే గడిచింది.

మాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో పొద్దున లేచింది మొదలు సాంచాల చప్పుడే. బయటి ఊళ్ల చుట్టాలు వస్తే "ఈ లొల్లిల ఎట్ల పండుకుంటరే" అని ఆశ్చర్యపోయేవాళ్లు. మాకేమో కరెంటు పోయి సాంచాలు ఆగితే మెలకువ వచ్చేది.

అప్పటికి ఆసుపత్రి కాన్పులు మొదలయ్యాయి గానీ, మా వాడలో రెండో కాన్పు, మూడో కాన్పు ఇంట్లోనే అయ్యేవి. పురుడు పోయడానికి ఒక ముసలవ్వ వచ్చేది. రాగానే "వేడినీళ్లు పెట్టిండ్రా, కొత్త బ్లేడు తెచ్చిండ్రా" అని అడిగి, గోడకు ఆనుకుని కూర్చుని ఆకూ వక్కా వేసుకునేది. అంతే, ఇక కదిలేది కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించుకుంటూ చుట్టూ కూర్చునేవాళ్లు. నొప్పులు పడే ఆమె ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగేది, దూలానికి కట్టిన చీర పట్టుకుని వేలాడేది, కాసేపు మోకాళ్ల మీద కూర్చునేది. పిల్లలం అరుగు మీద నుంచి తొంగిచూస్తే ఎవరో ఒకరు చీపురు విసిరేవాళ్లు. అవ్వ వచ్చిన పని చేయకుండా ఆకు నములుతోందని నాకు కోపంగా ఉండేది. "ఏం చేస్తలేదు గదనే" అని అమ్మనడిగితే, "చేసేటప్పుడు చేస్తది" అంది.

ఆ కాలం అంతా బంగారమని అననుగాక అనను. పక్క గల్లీలో ఒక వదినకి బిడ్డ పుట్టింది, మాయ పడింది, నెత్తురు మాత్రం ఆగలేదు. జీపు దొరికేసరికే ఆలస్యమైంది. కరీంనగర్ పెద్దాసుపత్రికి 40 కిలోమీటర్లు. వేములవాడ దాటకముందే అయిపోయిందని మర్నాడు చెప్పుకున్నారు. ఆ అవ్వకు నెత్తురు ఆపే సూదీ లేదు, ఆపాలన్న చదువూ లేదు. అమ్మ ఆ రాత్రి బీడీలు చుట్టలేదు. మా ఇంట్లో చేట పక్కన పెట్టిన రాత్రి నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

ఇంటర్ బైపీసీ అయ్యాక జీఎన్ఎంలో, అంటే నర్సింగ్, మిడ్‌వైఫరీ (పురుడు పోసే విద్య) డిప్లొమాలో సీటొచ్చింది. మా రోజుల్లో అది మూడున్నరేళ్ల కోర్సు. కేస్ బుక్‌లో 20 కాన్పులు సొంతంగా చేసినట్టు సంతకాలు ఉండాలి. లేబర్ రూంలో మేమే కాదు, ఇంకో రెండు స్కూళ్ల పిల్లలుండేవాళ్లు, హౌస్ సర్జన్లు సరేసరి. "తల కనబడుతుంది" అని ఆయమ్మ కేకేస్తే నలుగురం గ్లోవ్స్ తొడుక్కుని టేబుల్ చుట్టూ మూగేవాళ్లం. "ఇది నాది, నాకింకా పదకొండే అయ్యాయి" అని టేబుల్ మీద ఆమె వింటుండగానే వాదులాట. ఆమె పేరు ఎవరికీ తెలియదు, రెండో నంబర్ టేబుల్ అంతే. కాళ్లు పైకి కట్టి వెల్లకిలా పడుకోబెట్టి, "ముక్కు, ఇంకా గట్టిగా ముక్కు" అని అందరం ఒకేసారి అరిచేవాళ్లం. తొలిచూలు అయితే అడక్కుండానే కత్తెర పడేది, తర్వాత కుట్లు. కాన్పంటే అలాగే ఉంటుందనుకున్నాం, మాకు చూపించింది అదే మరి.

కానీ నా మనసు పడిపోయింది కూడా అక్కడే. ఒక మధ్యాహ్నం రష్ తగ్గాక ట్యూటర్ మేడం నా చేతిలో అల్యూమినియం ఫీటోస్కోప్ పెట్టారు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం. చల్లగా ఉంటుంది, ముందు అరచేతిలో వెచ్చచేసుకోమన్నారు. వెడల్పు వైపు పొట్ట మీద ఆన్చి, రెండో వైపు చెవి పెట్టి, చేయి వదిలేయాలి. మొదట నా చెవిలో నా నెత్తురే హోరెత్తింది. "తల్లి నాడి పట్టుకుని విను, రెండూ ఒకటైతే నువ్వు వింటున్నది బిడ్డది కాదు" అన్నారు. తల్లి నాడి ఎనభైలో నింపాదిగా నడుస్తోంది. దాని వెనకాల, చాలా లోపలి నుంచి, నిమిషానికి నూట నలభై సార్లు, నాలుగు గోడల అవతల నడిచే సాంచా లాగా టకటకటక. నేను చెవి తీయలేదు. లైన్లో వెనక ఉన్న పిల్ల జడ పట్టి లాగింది.

చదువు అయ్యాక ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చేరాను. కాన్పుల ఆసుపత్రే, కానీ మామూలు కాన్పు కంటపడటమే అపురూపం. పంతులుగారు రాసిచ్చిన టైం చీటీ కేస్ షీటుకి పిన్ చేసి ఉండేది. థియేటర్ గోడ గడియారం వంక చూస్తూ "ఇంకో నాలుగు నిమిషాలు ఆగండి సార్" అని బయటి నుంచి తాతగారు కబురు పంపడం నేను కళ్లారా చూశాను. తర్వాత రోజుల్లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు వచ్చాయి. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు, దేశం మొత్తం మీద 21.5. ఆ అంకె పేపర్లో చూసి మావాళ్లు నోరు వెళ్లబెట్టారు. నాకు ఆ చీటీలు కనిపించాయి.

అక్కడి నుంచి సర్కారీ ఆసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా వచ్చాను. రిపోర్ట్ చేసిన రోజే పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్లి లేబర్ రూంలో వేయమని అడిగాను. ఆవిడ గుంటూరు వైపు మనిషి. ఇన్నేళ్లు ఇక్కడున్నా యాస మారలేదు. కళ్లద్దాల పైనుంచి చూసి, "ముందు జ్వరాలు చూడవే పిల్లా. తర్వాత కాన్పులు చూద్దువుగాని" అని మగవాళ్ల సర్జికల్ వార్డులో పడేశారు.

మగవాళ్ల వార్డు! యాక్సిడెంట్లు, పుండ్లు, తాగి కొట్టుకున్న కేసులు. అప్పటికి కట్లు కట్టే గాజ్ గుడ్డ రెడీమేడ్ ప్యాకెట్లు అంతగా వచ్చేవి కావు, నైట్ డ్యూటీలో గాజ్ గుడ్డ మడతలు పెట్టి, దూది ఉండలు చుట్టి డ్రమ్ముల్లో నింపి ఆటోక్లేవ్‌కి పంపేవాళ్లం. చేతులు దూదితో, చెవులు పేషెంట్లతో. మూలుగు మారితే తల ఎత్తేవాళ్లం. అమ్మ బీడీలు చుడుతూ మా పోట్లాటలు వినేది కదా, నాకు ఆ పని కొత్తగా అనిపించలేదు.

ఒక సాయంత్రం తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుణ్ణి తెచ్చారు. పైకి దెబ్బల్లేవు. బీపీ 110 ఉంది. మాట్లాడుతున్నాడు, నీళ్లడుగుతున్నాడు, మాటిమాటికీ ఆవులిస్తున్నాడు. పొద్దున్నే లేచే మనిషి, నిద్రొస్తోందేమో అనుకుంటూ నేను పక్క మంచానికి వెళ్లబోయాను. పెద్ద సిస్టర్ అటుగా పోతూ ఆగారు. "నిద్ర కాదే అది. నాడి పట్టుకో." నాడి 130 దాటి ఉంది, సన్నగా, పారిపోతున్నట్టు. చెయ్యి చల్లబడుతోంది. కడుపులో ప్లీహం పగిలిందని థియేటర్లో తెలిసింది. బతికాడు. వారం తర్వాత ఆయన కొడుకు ముంజలు తెచ్చి నర్సుల రూంలో పెట్టి పోయాడు. నెత్తురు లోపల కారిపోయేటప్పుడు బీపీ చివర్లో పడుతుంది, ఆవులింత, దాహం, చెమట ముందొస్తాయి. పుస్తకంలోనూ ఉంది. నేను పుస్తకం చదివే వచ్చాను, అయినా ఆవిడ ఆగి చెబితే గానీ కనబడలేదు.

తర్వాత నన్ను బాలింతల వార్డుకి మార్చారు. ఒక రాత్రి, కాన్పయి రెండు గంటలైన ఒక ఆమె. పక్కన వాళ్లమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తోంది. నేను ట్రే పట్టుకుని పోతుంటే ఆమె ఆవులించింది. నాలుగు అడుగులేసేలోపు మళ్లీ. "రాత్రంత నిద్రలేదు బిడ్డకు" అంది వాళ్లమ్మ, నేను ఆగడం చూసి. దుప్పటి తీశాను. పైన ప్యాడ్ మామూలుగానే ఉంది. నడుం కింద చెయ్యి పెడితే పరుపు తడి, వేళ్లకు గడ్డలు తగిలాయి. పొట్ట మీద గట్టిగా తగలాల్సిన గర్భసంచి చేతికి దొరకలేదు. ఒక చేత్తో రుద్దుతూనే ఆయమ్మను కేకేశాను, డాక్టరమ్మ థియేటర్లో ఉన్నారు. గర్భసంచి బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్ సూది ఇచ్చాం, రెండు చేతులకూ లావుపాటి క్యాన్యులాలు పెట్టి సెలైన్ వదిలాం. మూత్రం సంచి నిండి ఉంది, ట్యూబ్ వేసి ఖాళీ చేయగానే గర్భసంచి నా అరచేతి కింద బిగుసుకుంది. డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ పరుగున వచ్చేసరికి రక్తస్రావం తగ్గుముఖం పట్టింది. నాకు మా పక్క గల్లీ వదిన గుర్తొచ్చింది. వార్డు బయటికి వెళ్లి కుళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

అందుకే మిడ్‌వైఫరీకి ముందు వార్డు ఎందుకు, నేరుగా పోతే కాదా అని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోను. కాన్పు నూటికి ఎనభై తొంభై సార్లు దానంతటది నడుస్తుంది. నడవనప్పుడు ముందుగా పసిగట్టే కన్ను లేబర్ రూంలో తయారవదు, జబ్బు మనుషుల మధ్య తిరిగితేనే తయారవుతుంది. పెద్ద సిస్టర్ మొదటి మాట వంద శాతం నిజం.

అయితే ఎన్నాళ్లు చూడాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2017లో కరీంనగర్‌లో కొత్తగా మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలైంది. హైదరాబాద్‌లో కాన్పుల ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది. 18 నెలలు, అప్పటికే పనిచేస్తున్న నర్సులకు. మా డ్యూటీ రూంలో రెండు రోజులు అదే చర్చ. "మన నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్ మీద రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని రెండూ ఉన్నాయి కదా, మళ్లీ ఈ చదువేంది?" అని ఒకరు. "జీతం పెరుగుతదా?" అని ఇంకొకరు. "పిల్లలు పెద్దగైనంక పోదాం" అని మిగతా అందరూ. నా పెద్దది నాలుగో తరగతి, చిన్నోడు ఎల్‌కేజీ. ఇంట్లో చెబితే మా ఆయన "నీ ఇష్టం" అని టీవీ సౌండ్ పెంచాడు. అత్తమ్మ మాత్రం "పిల్లల్ని నేను చూస్త గని, వాని మొకం ఎవరు చూస్తరు" అంది. పైగా ఆ ఏడాదే స్టాఫ్ నర్సుల రెగ్యులర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. కాంట్రాక్టులో ఎన్నేళ్లని? పరీక్ష రాయాలి, అది తేలేదాకా ఎటూ కదలకూడదు. అది తేలడానికి ఏళ్లు పట్టింది. 2018 చివర్లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది, ఏడాది శిక్షణ, ఆరు నెలలు ప్రాక్టీసు అని. ఆ పీడీఎఫ్ ఫోన్‌లో దించుకుని పెట్టుకున్నాను. ఫోన్ మారినప్పుడల్లా కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకునేదాన్ని, చదివింది తక్కువ.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మిడ్‌వైఫ్‌ల సంవత్సరం అంది. ఆ ఏడాది ఏమొచ్చిందో చెప్పక్కర్లేదు. పీపీఈ కిట్లలో చెమటకు నానిపోయి, సిలిండర్ల మీటర్లు చూసుకుంటూ గడిపాం. కాన్పుల ఊసే మర్చిపోయాను.

ఆ తర్వాత రెగ్యులర్ అయ్యాను. ఇక సాకులు అయిపోయాయి అనుకుంటే, సుఖానికి అలవాటు పడ్డాను. మా వార్డు, మా డ్యూటీ చార్టు, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి. అప్పుడే ఒక రోజు వరండాలో వీల్‌చైర్లో పెద్ద సిస్టర్. డయాలసిస్‌కి వచ్చారు, బాగా చిక్కిపోయారు. నేను వంగి చెయ్యి పట్టుకుంటే యూనిఫాం వంక, బ్యాడ్జి వంక చూశారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నా సిస్టర్. మీరే కదా ముందు జ్వరాలు చూడమన్నారు" అన్నాను నవ్వుతూ.

"చూడమన్నాను. జీవితమంతా చూడమన్నానా?" అని కొడుకుని వీల్‌చైర్ తోయమన్నారు. నవ్వలేదు.

ఆ వారమే మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌కి అప్లికేషన్ పెట్టాను.

క్లాసులో నా పక్కన కూర్చున్న పిల్లలు నాకంటే చాలా చిన్నవాళ్లు, రెండు మూడేళ్ల సర్వీసు వాళ్లు. మంచి సర్జికల్ నర్సునని నాకో గర్వం ఉండేది. రక్తస్రావం డ్రిల్ పెడితే మొదట కదిలేది నేనే, అక్కడ నన్ను మించినవాళ్లు లేరు. మామూలు కాన్పు దగ్గర మాత్రం ఆ పిల్లలే నయం. నా చేతులు ఊరుకునేవి కావు. పొట్ట మీదికి పోయేవి, కత్తెర వైపు పోయేవి. నొప్పి రాగానే నా నోరు "ముక్కు" అనేసేది. కాన్పు ఎలా నడుస్తోందో గీసే పార్టోగ్రాఫ్ చార్టులో, గర్భసంచి ముఖం నాలుగు సెంటీమీటర్ల నుంచి గంటకో సెంటీమీటరు తెరుచుకోకపోతే టెన్షన్ పడటం మా కాలం చదువు. చురుకైన నొప్పులు ఐదు సెంటీమీటర్ల నుంచి లెక్క, అందరికీ గంటకో సెంటీమీటరు నడవదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. చిన్నపిల్లలు అది ఒకసారి విని రాసుకున్నారు. నాకు బుర్రకెక్కింది గానీ చేతికెక్కడానికి నెలలు పట్టింది.

తొలిచూలు ఆమె ఒకరు వచ్చారు, పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. తోడు వాళ్ల పెద్దమ్మను లోపలికి రానిచ్చారు. ఆ పిల్ల చాప మీద మోకాళ్ల మీద కూర్చుని పెద్దమ్మ మెడ చుట్టూ చేతులేసి ఊగుతోంది. నేను ఎదురుగా స్టూలు మీద. వెనక నుంచి మా మేడం నా చెవిలో, "చేతులు ఒళ్లో పెట్టుకో" అన్నారు. పెట్టుకున్నాను. పది నిమిషాలకోసారి గుండె చప్పుడు వినడం, నీళ్లు తాగించడం, నడుం రుద్దడం. అంతకుమించి చేయడానికి నాకేమీ లేదు, అది భరించడమే కష్టమైంది. మా వాడ అవ్వ ఆకు నములుతూ ఏం చేసేదో అప్పుడు తెలిసింది, ఆమె దగ్గర లేని సూది ఈసారి నా ట్రేలో ఉంది. తల మెల్లగా, తనంతట తనే వచ్చింది. కత్తెర లేదు, కుట్లు లేవు. బిడ్డను వాళ్లమ్మ గుండె మీద పెట్టి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా ఆగాం. ఆ పిల్ల బిడ్డను చూసుకుని, నన్ను చూసి, మొదట అడిగిన మాట, "అక్కా, నేను బాగ అరిచిన్నా?"

ఇప్పుడు మిడ్‌వైఫ్‌ల యూనిట్లో పనిచేస్తున్నాను. అందరూ మా దగ్గరే కనరు. బీపీ ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఇంకేదైనా చిక్కున్నవాళ్లు డాక్టర్ల దగ్గరికే వెళ్తారు, వెళ్లాలి కూడా. ముహూర్తం చీటీలు మాకూ వస్తాయి. తీసుకుని, టేబుల్ సొరుగులో పెట్టి, నడవమని చెబుతాం.

నా పాత వార్డు నుంచి ఒక పిల్ల మొన్న వచ్చింది. క్యాజువాలిటీలో రెండేళ్లు నిండాయట. "అక్కా, ఇప్పుడు అప్లై చేయాల్నా, ఇంకో రెండేండ్లు ఆగాల్నా?" అని అడిగింది. డాక్టర్ లేని టైంలో పేషెంటు షాక్‌లోకి పోవడం ఎప్పుడైనా చూశావా అన్నాను. చూశానంది. బీపీ పడకముందే నీకెట్లా తెలిసింది అన్నాను. కాసేపు ఆలోచించి, "దూప దూప అన్నడక్కా, ఊకె ఆవులిచ్చిండు" అంది.

"అయితే ఇప్పుడే పెట్టు" అన్నాను.

సరేనని ఫారం ఫొటో తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, లగ్గం కుదిరిందని, అది అయినంక చూస్తానని చెప్పింది. నేనేం అనలేదు. భోజనాలు ఎక్కడ పెడుతున్నారని అడిగాను.